పనుల మధ్య దేవుని మీద గురి నిలపడం ఎలా?

"పొద్దున ప్రార్థనలో మనసు బాగానే ఉంటుందండీ. పిల్లల్ని బడికి పంపి, బస్సెక్కి ఆఫీసుకి చేరేసరికి దేవుడి ఊసే ఉండదు. రాత్రి పడుకోబోతూ గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఏం చెయ్యాలి?"

గృహ కూడికల్లో, స్త్రీల కూడికల్లో, యవనస్థుల మధ్య ఎక్కువగా వినపడే ప్రశ్న ఇది. అడిగేవాళ్ళు భక్తి లేనివాళ్ళు కారు. భక్తి ఉంది కాబట్టే ఈ బాధ. "ఇంకా ఎక్కువ ప్రార్థించండి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేస్తే వాళ్ళకి ఏమీ అందదు. అందుకే ఏ పూట ఏం చెయ్యాలో, ఎక్కడ జారిపోతామో, జారినప్పుడు ఏం చెయ్యాలో వరుసగా రాస్తున్నాను.

మొదట ఒక విషయం తేల్చుకుందాం. "సదాకాలము యెహోవాయందు నా గురి నిలుపుచున్నాను" అని కీర్తన 16:8లో దావీదు అంటాడు. అంటే ఇరవైనాలుగు గంటలూ మరో ఆలోచన రాకూడదనా? లెక్కలు రాసేవాడి మనసు లెక్కల మీదే ఉండాలి. ఆపరేషన్ చేసే డాక్టరు మనసు కత్తి మొన మీదే ఉండాలి. ఉయ్యాలలో బిడ్డని పడుకోబెట్టి ఇంటిపని చేసుకునే తల్లిని చూడండి. చేతులు గిన్నెలు తోముతూనే ఉంటాయి, చెవి మాత్రం ఉయ్యాల వైపే ఉంటుంది. బిడ్డ కదిలితే చాలు, తెలిసిపోతుంది. మనం నేర్చుకోబోయేది అలాంటి ఎరుక. అది మధ్యలో తెగిపోతుంది, తప్పకుండా తెగిపోతుంది. తెగిన ప్రతిసారీ ఆలస్యం చేయకుండా తిరిగి రావడమే ఇందులో అసలు సాధన. కింద చెప్పే మెట్లన్నీ దానికోసమే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- కాగితపు బైబిలు ఒకటి. పాత అనువాదం గ్రాంథికంగా ఉండి అర్థం కాకపోతే వాడుక భాషలో వచ్చిన అనువాదాలు ఉన్నాయి, పక్కన పెట్టుకోండి. ఫోన్‌లో యాప్ ఉన్నా పొద్దున పూట మాత్రం కాగితమే వాడండి. కారణం రెండో మెట్టులో చెబుతాను.
- జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టే చిన్న నోటుపుస్తకం, పెన్ను.
- మామూలు అలారం గడియారం. ఫోన్ అలారం వద్దు.
- ఇంట్లో ఒక చోటు. ప్రత్యేక గది అక్కర్లేదు. వంటింటి మూల, డాబా మెట్టు, మంచం అంచు ఏదైనా సరే. రోజూ అదే చోటు అయితే మనసు తొందరగా కుదురుకుంటుంది.
- వారానికోసారి "ఎలా సాగుతోంది?" అని అడిగే మనిషి ఒకరు. భార్యాభర్తలు ఒకరికొకరు కావచ్చు, సంఘంలో అక్కో అన్నో కావచ్చు.

కొత్త ధ్యాన పుస్తకాలు, ఖరీదైన స్టడీ బైబిలు ఇప్పుడు కొనకండి. కొన్న వారం ఉత్సాహంగా ఉంటుంది, ఆ తర్వాత అవి అలమరలోకి చేరతాయి.

1. రేపటి వాక్యాన్ని ఈ రాత్రే ఎంచుకోండి

ఒక్క వాక్యం. అదీ ఒక్క ఊపిరిలో చెప్పగలిగినంత చిన్నది. పొద్దున లేచాక వెతుక్కుంటే ఆ వెతుకులాటలోనే టైమైపోతుంది, అందుకే రాత్రే ఎంచుకుని నోటుపుస్తకంలో చేత్తో రాయండి. స్క్రీన్‌షాట్ తీసుకోవద్దు. చేత్తో రాసినది నాలుక మీదికి తొందరగా వస్తుంది.

మొదలుపెట్టేవాళ్ళకి కొన్ని:

భయంగా ఉన్న రోజులకి కీర్తన 56:3, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." నోరు జారే అలవాటున్నవాళ్ళకి కీర్తన 141:3, "యెహోవా, నా నోటికి కావలియుంచుము." అలిసిపోయినవాళ్ళకి మత్తయి 11:28లో ప్రయాసపడి భారం మోసేవాళ్ళని యేసు పిలిచిన పిలుపు. తప్పు చేసి తలెత్తుకోలేకపోతుంటే లూకా 18:13లో సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) చేసిన ప్రార్థన, "దేవా, పాపినైన నన్ను కరుణించుము." ఇవేవీ కావనుకుంటే కీర్తన 70:1, "యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము." అయిదో శతాబ్దంలో జాన్ కాసియన్ అనే సన్యాసి, ఎడతెగక ప్రార్థించాలంటే ఏం చెయ్యాలని అడిగేవాళ్ళ కోసం, ఐగుప్తు అరణ్యంలోని భక్తుల నోట విన్న ఈ ఒక్క వచనాన్నే రాసిపెట్టాడు. తిండి ముందు, నిద్ర ముందు, కోపం వచ్చినప్పుడు, ప్రయాణంలో అన్నిటికీ ఇదే. రోజుకో వాక్యం కుదరనివాళ్ళు నెలంతా దీన్నే పట్టుకోండి. ఏ లోటూ ఉండదు.

వరుసగా చదువుతూ ఎంచుకోవాలంటే 119వ కీర్తన మంచి దారి. 176 వచనాలు, ఎనిమిదేసి వచనాల భాగాలు 22. రోజుకో భాగం చదివి అందులోంచి ఒకటి తీసుకోండి. లేదంటే మార్కు సువార్త, 16 అధ్యాయాలే.

జాగ్రత్త: కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట వాక్యం తీసుకోకండి. వాగ్దానాల్ని సందర్భం నుంచి తెంచకండి. యిర్మీయా 29:11 మన ఇళ్ళ గోడల మీద, కొత్త సంవత్సరం కార్డుల మీద ఎంతగా కనిపిస్తుందో మీకు తెలుసు. బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకి రాసిన ఉత్తరం అది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, డెబ్బై ఏళ్ళు అక్కడే ఉండాలి అని పై వచనాల్లో ఉంది. అది కూడా చదివితేనే ఆ మాటలోని ఓదార్పు ఎంత లోతైనదో అర్థమవుతుంది. చదవకపోతే వచ్చే నెల ఉద్యోగం రాలేదని దేవుడి మీద అలుగుతాం.

2. ఫోన్ కంటే ముందు దేవుని దగ్గరికి వెళ్ళండి

ఈ ఒక్క మెట్టు దగ్గరే సగంమంది ఆగిపోతున్నారు. లేవగానే అలారం ఆపడానికి ఫోన్ పట్టుకుంటాం. వాట్సాప్‌లో బంధువుల గ్రూపు, స్కూలు గ్రూపు, సంఘం గ్రూపులో దినవాక్యం, దాని కింద ఇరవై "ఆమెన్"లు. దినవాక్యం చూశాం కదా అని తృప్తి కూడా కలుగుతుంది. కానీ ఆ పది నిమిషాల్లో మనసు పదిచోట్లకి చెదిరిపోయింది. దాన్ని మళ్ళీ పోగుచేసుకోవడానికి గంట పడుతుంది.

రాత్రి ఫోన్‌ని వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి. లేచి ముఖం కడుక్కుని మీ చోటులో కూర్చోండి. పదిహేను నిమిషాలు చాలు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ మాట్లాడకండి. "ప్రభువా, నేను వచ్చాను" అని ఊరుకోండి. తర్వాత వాక్యభాగాన్ని నెమ్మదిగా, పెదవులు కదిలిస్తూ రెండుసార్లు చదవండి. రాత్రి రాసుకున్న వాక్యం దగ్గర ఆగండి. మిగిలిన సమయం ప్రార్థన.

"నాకు పసిబిడ్డ ఉంది, కూర్చోగానే లేచి ఏడుస్తుంది" అని తల్లులు చెబుతారు. మార్కు 1:35 మనందరికీ తెలిసిన వచనమే. యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకి వెళ్ళాడు. దాని తర్వాతి రెండు వచనాలు కూడా చదవండి. సీమోను, అతనితో ఉన్నవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేశారు, "అందరు నిన్ను వెదకుచున్నారు" అన్నారు. ప్రభువు ప్రార్థన దగ్గరికే మనుషులు వచ్చిపడ్డారు. ఆయన వాళ్ళని విసుక్కోలేదు, లేచి పనిలోకి వెళ్ళాడు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకోండి. పాలిస్తూ ఆ వాక్యాన్నే మెల్లగా చెప్పండి, బిడ్డకి జోలలా కూడా ఉంటుంది.

రాత్రి డ్యూటీ చేసే నర్సులు, అమెరికా టైమింగ్స్‌లో పనిచేసే ఐటీ ఉద్యోగులు తెల్లవారుజామున లేవలేకపోతున్నామని కుమిలిపోవద్దు. మీరు మధ్యాహ్నం రెండింటికి లేస్తే మీకు ఉదయం అదే.

3. ఈ రోజును పేరుపేరునా అప్పగించండి

"ఈ దినమంతా నడిపించు తండ్రీ" అనే ప్రార్థన మంచిదే, కానీ మరీ సాధారణంగా ఉంటుంది. పదింటికి మేనేజరు కేకలేసినప్పుడు అది గుర్తుకు రాదు. అందుకని ఈ రోజు జరగబోయేవాటిలో కష్టమైనవి రెండు మూడు తీసుకుని పేరుపెట్టి చెప్పండి. "పదిన్నరకి మీటింగు ఉంది, నా తప్పు బయటపడుతుంది, అబద్ధం ఆడకుండా కాపాడు." "సాయంత్రం మా ఆడపడుచు వస్తోంది, పాత సంగతులు ఎత్తకుండా నా నోటికి కాపు పెట్టు." "బ్యాంకువాళ్ళు ఫోన్ చేస్తారు, భయపడకుండా నిజం చెప్పే ధైర్యం ఇయ్యి."

ఇలా అప్పగించినప్పుడు ఆ గడియ వచ్చేసరికి పొద్దుటి ప్రార్థన దానంతటదే గుర్తొస్తుంది. చేసి చూడండి.

4. మూడు గుర్తులు పెట్టుకోండి

రోజూ మీరు ఎలాగూ చేసే పనుల్లోంచి మూడింటిని ఎంచుకోండి. పొయ్యి వెలిగించడం, హెల్మెట్ పెట్టుకోవడం, కంప్యూటర్ ఆన్ చెయ్యడం, లంచ్ బాక్స్ మూత తియ్యడం, దుకాణం షట్టర్ ఎత్తడం, చేలో నీళ్ళు తాగడానికి గట్టుకి రావడం, ఇంటి తాళం తియ్యడం. ఆ పని చేసే ముందు ఒక్క క్షణం ఆగి, ఆ రోజు వాక్యం ఒక్కసారి మనసులో చెప్పుకోండి. ఒక ఊపిరి. అంతే, పనిలోకి వెళ్ళిపోండి.

మూడే ఎందుకు? దానియేలు రోజుకి మూడుసార్లు యెరూషలేము వైపు కిటికీలు తెరిచి మోకాళ్ళూనేవాడు (దానియేలు 6:10). సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం మొరపెట్టుకుంటానని 55వ కీర్తనలో ఉంది. కతోలిక కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దేవాలయం గంట వినగానే ఆగి జపం చెప్పుకోవడం తెలిసిందే. మూడు నిలబడ్డాక నాలుగోది కలపండి. మొదటిరోజే పది పెట్టుకుంటే మూడో రోజుకి ఒక్కటీ ఉండదు.

జాగ్రత్తలు రెండు. బండి నడుపుతూ కళ్ళు మూయకండి. చెవుల్లో ప్రసంగం పెట్టుకుని టూవీలర్ నడపకండి. హారన్ వినపడదు, ప్రాణం పోతుంది. ప్రార్థన బండి స్టార్ట్ చేసే ముందే అయిపోవాలి. రెండోది, గుర్తు కోసం ఫోన్‌లో రిమైండర్లు పెట్టకండి. రెండు రోజులు చూస్తాం, మూడో రోజు చూడకుండానే వేలితో తోసేస్తాం. పైగా అది చూడబోయి ఇంకేదో చూస్తాం. చేత్తో ముట్టుకునే వస్తువులే నమ్మకమైన గుర్తులు.

5. మాట్లాడే ముందు ఒక్క మాట దేవునితో

నెహెమ్యా రాజుగారికి ద్రాక్షారసం అందించేవాడు. ఒకరోజు రాజు "ఏమి కావలసి నీవు మనవి చేయుచున్నావు?" అన్న అర్థం వచ్చేలా అడిగాడు. రాజు అడగడానికీ అతను జవాబు చెప్పడానికీ మధ్య, "ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసి" అని ఉంది (నెహెమ్యా 2:4). ఎంతసేపు చేసి ఉంటాడు? రెండు క్షణాలు. రాజు ముందు అంతకంటే నిలబడే వీలు లేదు. అయితే ఆ రెండు క్షణాల వెనక యూదుల కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా దాదాపు నాలుగు నెలల ఎదురుచూపు, అందులో ఉపవాసం, కన్నీళ్ళు ఉన్నాయి. రెండో మెట్టు వదిలేసి ఈ మెట్టు ఎక్కాలనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

మీరు చెయ్యాల్సింది: ఇబ్బందిపెట్టే ఫోన్ వచ్చినప్పుడు ఎత్తే ముందు, కోపంగా మెసేజ్ టైపు చేసి పంపే ముందు, పిల్లవాడి మార్కుల కార్డు చేతిలోకి తీసుకునే ముందు, ధర చెప్పే ముందు ఒక్క మాట. "ప్రభువా, సాత్వికం ఇయ్యి." "ప్రభువా, నిజం చెప్పించు." భాష గురించి ఆలోచించకండి. మీ అమ్మతో ఎలా మాట్లాడతారో అలాగే, మీ యాసలోనే మాట్లాడండి.

6. పనినే ఆయనకి ఇవ్వండి

"మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" (కొలొస్సయులకు 3:23). పౌలు ఈ మాట చెప్పింది ఎవరికో తెలుసా? పై వచనం చూడండి, దాసులకి. ఇష్టపడి ఎంచుకున్న ఉద్యోగం కాదు వాళ్ళది. యజమాని చెప్పిన చాకిరీ. అలాంటి పనిని కూడా దేవునికి ఇవ్వొచ్చని ఆయన అంటున్నాడు.

17వ శతాబ్దంలో పారిస్‌లోని కర్మెల్ మఠంలో సహోదరుడు లారెన్స్ అనే ఆయన ఏళ్ళ తరబడి వంటపని చేశాడు. ఆ తర్వాత చెప్పులు బాగుచేసే పని. 1691లో చనిపోయాడు. వంటపని ఆయనకి స్వతహాగా గిట్టేది కాదు. అయినా మోకాళ్ళ మీద ఉన్నప్పుడు దేవునితో ఎంత నెమ్మదిగా ఉండేవాడో, గిన్నెల చప్పుడు మధ్య కూడా అంతే నెమ్మదిగా ఉండగలిగాడు. మనసు తప్పిపోయినప్పుడు దేవునితో ఆ సంగతి ఒప్పుకుని, దానిమీద మరీ కుమిలిపోకుండా పనిలోకి వచ్చేసేవాడు.

పని మొదలుపెట్టేటప్పుడు ఒక వాక్యం: "ఈ అన్నం నీ కోసం వండుతున్నాను." "ఈ బిల్లులు నీ ముందు సరిగ్గా రాస్తున్నాను." ముగించేటప్పుడు ఒక మాట: "వందనాలు తండ్రీ." మధ్యలో మనసంతా పనిలో ఉంటే ఉండనివ్వండి. అది పాపం కాదు. బట్టలు ఉతకడం, కలుపు తియ్యడం, ఇస్త్రీ చెయ్యడం లాంటి చేతిపనుల్లో అయితే పని పొడవునా వాక్యాన్ని నెమరు వేసుకోవచ్చు, పాట పాడుకోవచ్చు.

తన ఇంటికి వచ్చిన యేసుకి వడ్డించే హడావుడిలో పడ్డ మార్తమ్మ సంగతి మనం తరచు తప్పుగా చెబుతాం, వంట చెయ్యడమే ఆమె తప్పన్నట్టు. ప్రభువు అన్నది వేరు: "నీవనేకమైన పనులనుగూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు" (లూకా 10:41). ఆమెని దూరం చేసింది ఆ విచారం, చెల్లెలి మీద ఆ ఫిర్యాదు. మీ వంటింట్లో కూడా కనిపెట్టుకోవాల్సింది దాన్నే.

ఒక హెచ్చరిక. రోజంతా యూట్యూబ్‌లో ప్రసంగాలు, పాటలు మోగుతూ ఉంటే దేవుని మీద గురి ఉన్నట్టే అని చాలామంది అనుకుంటున్నారు. పాటలు మంచివే. కానీ చెవులు ఎప్పుడూ నిండి ఉంటే మీరు ఆయనతో మాట్లాడేదెప్పుడు, ఆయన మాట మీ లోపల దిగేదెప్పుడు? రోజుకి ఒక్క పనైనా పూర్తి నిశ్శబ్దంలో చెయ్యండి.

7. తప్పిపోయినప్పుడు తిరిగి రండి

సాయంత్రం నాలుగైంది. పొద్దుట నుంచి దేవుడు గుర్తుకే రాలేదని అప్పుడు తెలిసింది. ఏం చేస్తారు? మనలో చాలామంది తమని తాము తిట్టుకోవడం మొదలుపెడతారు. "నేను ఇంతే, నాలాంటిదాన్ని దేవుడు ఎలా భరిస్తాడో" అని అరగంట. గమనించండి, ఆ అరగంట కూడా ధ్యాస అంతా మన మీదే, దేవుని మీద కాదు.

నీళ్ళ మీద నడుస్తున్న పేతురు గాలిని చూసి భయపడి మునిగిపోతూ "ప్రభువా, నన్ను రక్షించుము" అని కేక వేశాడు. "వెంటనే" యేసు చెయ్యి చాపి పట్టుకున్నాడని మత్తయి 14:31 చెబుతోంది. ముందు పట్టుకున్నాడు, ఎందుకు సందేహపడ్డావని ఆ తర్వాత అడిగాడు. గుర్తొచ్చిన క్షణమే ఆయన మీ చెయ్యి పట్టుకున్న క్షణం అనుకోండి. "వందనాలు ప్రభువా, వచ్చాను" అని ఆ రోజు వాక్యం చెప్పుకుని ముందుకి సాగండి.

ప్రార్థనలో కూర్చున్నప్పుడు మనసు చెదిరితే, చెదరగొట్టింది ఏమిటో చూసి దానికి తగ్గట్టు చెయ్యండి:

- చెయ్యాల్సిన పని గుర్తొస్తే (గ్యాస్ బుక్ చెయ్యాలి, ఫీజు కట్టాలి) నోటుపుస్తకంలో రాసేసి మళ్ళీ ప్రార్థనలోకి రండి. రాయకపోతే అది పదిసార్లు వస్తుంది.
- దిగులు అయితే (అమ్మాయి పెళ్ళి, అప్పు, ఆరోగ్యం) దాన్ని తోసెయ్యకండి. దాన్నే ప్రార్థనగా మార్చండి. మీ మనసు వెళ్ళిన చోటికే దేవుణ్ణి పిలుచుకోండి.
- ఎవరి మీదైనా కోపం అయితే ఆ మనిషి పేరు చెప్పి, వాళ్ళకి మేలు చెయ్యమని అడగండి. గొంతులో అడ్డం పడుతుంది. అయినా అడగండి.
- పాపం గుర్తొస్తే అక్కడే ఒప్పుకోండి (1 యోహాను 1:9). ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే దిద్దుకునే పని కూడా నోటుపుస్తకంలో రాయండి.
- నిద్ర వస్తే లేచి నడుస్తూ ప్రార్థించండి. రోజూ వస్తుంటే రాత్రి తొందరగా పడుకోండి.

8. పడుకునే ముందు ఐదు నిమిషాలు

"దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" (కీర్తన 139:23) అని మొదలుపెట్టి, పొద్దుట నుంచి జరిగినదాన్ని వరుసగా గుర్తుచేసుకోండి. మూడు ప్రశ్నలు: ఈ రోజు ఆయన మేలు ఎక్కడ చూశాను? ఎక్కడ ఆయన్ని మరిచి నడిచాను? రేపు ఎక్కడ జాగ్రత్త కావాలి? ఒక్క పంక్తి రాయండి. రేపటి వాక్యం రాసుకోండి. పడుకోండి. దీన్ని పది నిమిషాలకి మించనివ్వకండి. మించితే నేరవిచారణ అయిపోతుంది.

తరచు జరిగే పొరపాట్లు

అనుభూతిని కొలబద్దగా పెట్టుకోవడం అన్నిటికంటే పెద్దది. కన్నీళ్ళు వచ్చిన రోజు ప్రార్థన బాగా జరిగినట్టు, పొడిగా ఉన్న రోజు జరగనట్టు అనుకుంటాం. పొడిగా ఉన్న రోజు కూడా వచ్చి కూర్చున్నారు చూడండి, ఆ విశ్వాసం తక్కువది కాదు.

ప్రార్థన పేరుతో బాధ్యత తప్పించుకోవడం ఇంకొకటి. ఇంట్లో ముసలి అత్తగారికి మందు వెయ్యాల్సిన వేళకి కూడికలో ఉండటం భక్తి కాదు. తల్లిదండ్రులకి ఇవ్వాల్సింది దేవునికి ఇచ్చేశామని చెప్పి వాళ్ళని వదిలేసినవాళ్ళని ప్రభువు గట్టిగా గద్దించాడు (మార్కు 7:11).

ఇతరులతో పోల్చుకోవడం, చేస్తున్నది అందరికీ చెప్పుకోవడం రెండూ ఒకే వేరు నుంచి వస్తాయి. ఎవరో నలభై రోజుల ఉపవాసం ఉన్నారని మీ పదిహేను నిమిషాల్ని చిన్నచూపు చూడకండి. మీకు సాయంగా ఉన్న ఆ ఒక్క మనిషికి తప్ప ఎవరికీ చెప్పకండి.

ఇంకొకటి మనసుపెట్టి వినండి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, చనిపోవాలనిపించడం ఉంటే దాన్ని "ధ్యాస లోపం" అనో "విశ్వాసం తక్కువ" అనో అనుకోకండి. ఎవరైనా అలా అన్నా వినకండి. చనిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాకి దేవుడు ముందు ప్రసంగం చెయ్యలేదు. నిద్ర ఇచ్చాడు, దూతతో రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ నిద్ర ఇచ్చాడు, మళ్ళీ తినిపించాడు (1 రాజులు 19). డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వాడుతున్న మందులు డాక్టరు చెప్పకుండా మానకండి. ప్రార్థన, వైద్యం పక్కపక్కన సాగనివ్వండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

నెల రోజులు గడవనివ్వండి. రోజుకి ఎన్నిసార్లు దేవుణ్ణి తలచుకున్నానని లెక్కపెట్టకండి, ఆ లెక్క గర్వానికో నిరాశకో దారి తీస్తుంది. వీటిని చూడండి.

తప్పిపోయాక తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోంది? మొదటి వారం రాత్రికి గుర్తొచ్చేది ఇప్పుడు మధ్యాహ్నానికే గుర్తొస్తుంటే సరిగ్గా వెళ్తున్నట్టు. చెడ్డ కబురు వినగానే మీ నోట వచ్చే మొదటి మాట ఏమిటి? ఎవరూ చూడనప్పుడు ఫోన్‌లో ఏం చూస్తున్నారు? తూకంలో, లెక్కలో, లంచం దగ్గర చెయ్యి ఆగుతోందా?

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇంట్లోవాళ్ళు. "ఈ మధ్య నా కోపం తగ్గిందా? మీ మాట వింటున్నానా?" అని పిల్లల్ని అడగండి. వాళ్ళు నిజమే చెబుతారు. గలతీయులకు 5:22, 23లో ఉన్న తొమ్మిదీ దగ్గర పెట్టుకుని, దీర్ఘశాంతం, సాత్వికం, ఆశానిగ్రహం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి.

మార్పేమీ కనిపించకపోతే నోటుపుస్తకం తిప్పి చూడండి. రాత్రి వాక్యం రాయని రోజులే ఎక్కువ ఉంటే సమస్య ఒకటో మెట్టులో ఉంది, మిగతావి పక్కనపెట్టి దాన్నొక్కదాన్నే వారం చెయ్యండి. వాక్యం రాస్తున్నా పగలు గుర్తుకు రాకపోతే మీ మూడు గుర్తుల్ని మార్చండి. అన్నీ చేస్తున్నా ఏదో గోడ అడ్డున్నట్టు ఉంటే, ఒప్పుకోని పాపమో క్షమించని మనిషో ఉన్నారేమో చూసి సంఘకాపరితో మాట్లాడండి.

మీ పరిస్థితి వేరైతే

గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళకి ఆరాధన చాలాచోట్ల శుక్రవారం ఉంటుంది, కొందరికి ఆ రోజు కూడా సెలవు దొరకదు. అలాంటప్పుడు క్యాంపులో ఇద్దరు కలిసి రాత్రి ఎనిమిదో మెట్టు మాత్రం చెయ్యండి, మిగతావి దాని చుట్టూ నెమ్మదిగా పెరుగుతాయి. ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయి, బైబిలు తెరిస్తే గొడవ అవుతుంటే, వాక్యం కంఠతా పట్టి నాలుగు, ఐదు మెట్లతో సాగండి. వాటికి పుస్తకం అక్కర్లేదు, ఎవరికీ కనపడదు. హాస్టల్లో ఉండే విద్యార్థులు స్టడీ అవర్ మొదలయ్యే ముందు ఒక గుర్తు పెట్టుకోండి. చదువుకునే గంటలో చదువు మీదే మనసు పెట్టండి, ఆ గంటలో మీరు దేవునికి ఇచ్చేది అదే.

చదవడం రాని పెద్దవాళ్ళకి, చూపు తగ్గినవాళ్ళకి మనవలు సాయం చెయ్యాలి. రాత్రి పడుకునే ముందు ఒక్క వచనం చదివి, వాళ్ళచేత మూడుసార్లు చెప్పించండి. పొద్దున కాఫీ ఇస్తూ "తాతయ్యా, రాత్రి వాక్యం ఏంటి?" అని అడగండి. మర్చిపోతే మీరే అందించండి. ఆడియో బైబిలు కూడా ఉంది. ఒకసారికి ఒక్క అధ్యాయమే పెట్టి ఆపండి, తర్వాత దానిగురించి వాళ్ళనే మాట్లాడనివ్వండి.